హాజరుపట్టీ, ఓటర్ల జాబితా, నామినేషన్ పత్రం: స్టూవర్టుపురం స్త్రీల వైపు నుంచి పార్లమెంటు ఎన్నిక

చట్టసభల్లో స్త్రీలకు మూడోవంతు సీట్లు కేటాయించే రాజ్యాంగ సవరణను 2023 సెప్టెంబరులో పార్లమెంటు ఆమోదించింది. 1996లో మొదటిసారి బిల్లుగా వచ్చినప్పటి నుంచి ఇరవై ఏడేళ్లపాటు మనం దాని గురించి రాశాం, సంతకాలు సేకరించాం, ప్రతి పార్లమెంటు సమావేశానికీ ముందు ఆశపడి తర్వాత నిరాశపడ్డాం. 2024 మేలో మన రాష్ట్రం లోక్‌సభకు ఓటు వేసింది కనుక గడువు ప్రకారం తర్వాతి ఎన్నిక 2029లో రావాలి. నలుగురు రచయిత్రులు కలిసినచోట మాట ఆ ఎన్నిక మీదికే మళ్లుతోంది. ఎన్ని సీట్లు వస్తాయి, ఏ పార్టీ ఎవరి కూతురికి ఎవరి కోడలికి టిక్కెట్టు ఇస్తుంది, గెలిచినవాళ్లను సొంతంగా మాట్లాడనిస్తారా? ఇవన్నీ అడగవలసిన ప్రశ్నలే.

నాకు వినపడని ప్రశ్న ఇంకొకటి ఉంది. తన ఊరు ఉన్న నియోజకవర్గంలోనే పోటీకి నిలబడే హక్కు లేని స్త్రీలు ఉన్నారా? ఉన్నారు. బాపట్లకీ చీరాలకీ మధ్య, మద్రాసు వెళ్లే రైలు మార్గం మీద ఉన్న స్టూవర్టుపురంలో ఉన్నారు. ఆ ఊరు బాపట్ల లోక్‌సభ స్థానంలోకి వస్తుంది. ఆ స్థానం 2009 ఎన్నికల నుంచి షెడ్యూల్డు కులాలకు రిజర్వు అయింది. ఊళ్లో ఎక్కువమంది ఎరుకలవాళ్లు. వాళ్లు షెడ్యూల్డు తెగ. రిజర్వు సీటులో ఆ వర్గానికి చెందినవాళ్లే పోటీ చేయాలన్నది 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం. కాబట్టి స్టూవర్టుపురం ఎరుకల స్త్రీ బాపట్ల పార్లమెంటు సభ్యుడికో సభ్యురాలికో ఓటు వేయగలదు, తాను మాత్రం నామినేషన్ వేయలేదు.

దళితులకు రిజర్వు చేసిన సీటు మీద ఫిర్యాదుగా దీన్ని చదవకండి. కారంచేడు, చుండూరు జరిగిన నేల ఇది. ఇక్కడ ఒక దళిత స్త్రీ పార్లమెంటు సభ్యురాలు కావడం విలువ ఏమిటో ఈ ప్రాంతపు మనిషిగా నాకు తెలుసు. నేను చెప్పదలచుకున్నది వేరే. రాజ్యం ఒక సమూహాన్ని ఏ జాబితాలో చేరుస్తుంది, ఆ జాబితాను ఎందుకు వాడుకుంటుంది అన్నదానికి స్టూవర్టుపురంలో నూరేళ్ల పైబడిన చరిత్ర ఉంది. ఆ చరిత్ర చూడకుండా మనం సీట్ల లెక్క వేసుకుంటే, లెక్కలో పడనివాళ్లు మళ్లీ మిగిలిపోతారు.

ఊరు పుట్టిన విధం

ఎరుకలవాళ్లు ఒకప్పుడు కోస్తా నుంచి లోపలి జిల్లాలకు గాడిదల మీద ఉప్పు మోసుకుపోయి, తిరుగు ప్రయాణంలో ధాన్యం తెచ్చుకునేవాళ్లు. దారి పొడవునా స్త్రీలు బుట్టలు, చాపలు అల్లి అమ్మేవాళ్లు, సోదె చెప్పేవాళ్లు. ఉప్పు మీద ప్రభుత్వం పెట్టిన పన్నులూ ఆంక్షలూ, దూరప్రాంతాలకు సరుకు చేరవేసే రైళ్లూ ఆ వర్తకాన్ని దెబ్బతీశాయి. అడవి చట్టాలు వెదురునూ ఈత ఆకునూ అందకుండా చేశాయి. బతుకుతెరువు పోయి తిరుగుతున్న మనుషులను ప్రభుత్వం నేరం చేయడానికే తిరుగుతున్నారని చూసింది. మీనా రాధాకృష్ణ 2001లో వచ్చిన తన పుస్తకంలో ఈ క్రమాన్ని వివరంగా చూపించారు.

1871లో ఉత్తరాదిలో మొదలైన నేరస్థ తెగల చట్టాన్ని 1911లో మార్చి మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా తెచ్చారు. ఒక మనిషి ఏం చేశాడన్నది ఆ చట్టానికి అక్కర్లేదు. ఏ తెగలో పుట్టాడన్నది చాలు. ప్రకటించిన తెగవాళ్ల పేర్లు రిజిస్టరులో ఎక్కించవచ్చు, వేలిముద్రలు తీసుకోవచ్చు, వేళకు వచ్చి హాజరు చెప్పమనవచ్చు, సెటిల్‌మెంట్లో ఉంచవచ్చు. పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి విడదీసి బడుల్లో పెట్టే అధికారం కూడా అందులో ఉంది. 1913-14 ప్రాంతంలో బాపట్ల దగ్గర అలాంటి సెటిల్‌మెంటు వెలిసింది. నిర్వహణ సాల్వేషన్ ఆర్మీ చేతికి ఇచ్చారు. మన వైపు దాన్ని రక్షణ సైన్యం అంటారు. మద్రాసు గవర్నరు కార్యనిర్వాహక మండలి సభ్యుడు సర్ హెరాల్డ్ స్టూవర్ట్ పేరు ఊరికి పెట్టారు. అక్కడి మనుషుల సమ్మతితో పెట్టిన పేరు కాదు అది.

రిజిస్టరులో ఎక్కినవాడు మగవాడైనా సెటిల్‌మెంటు కాపలా కిందికి వచ్చింది కుటుంబమంతా. ఇక్కడే స్త్రీల చరిత్ర వేరుగా చూడాలి. దారి వెంట తిరుగుతూ బుట్టలమ్మి, సోదె చెప్పి తన సంపాదన తాను తెచ్చుకున్న స్త్రీకి ఊరు దాటాలంటే పాసు కావలసివచ్చింది. "ఎరుక" అంటే తెలివిడి, జ్ఞానం. ఎరుక చెప్పడం ఆమె వృత్తి. ఇంటింటికీ తిరిగి నలుగురి భవిష్యత్తూ చెప్పే మనిషి తిరుగుడే నేరానికి సాక్ష్యమైంది. పోలీసు అధికారుల రాతల్లో ఎరుకల స్త్రీ దొంగకు తోడుగా, దొంగసొత్తు దాచేదిగా, ఇళ్ల గుట్టు కనిపెట్టడానికి సోదె చెప్పేదిగా కనిపిస్తుంది. ఎడ్గర్ థర్స్టన్ 1909లో అచ్చువేసిన ఏడు సంపుటాల్లో కొరవ, ఎరుకల వాళ్ల ఆచారాలు పేజీల కొద్దీ ఉన్నాయి. వరుడి వైపు నుంచి ఇచ్చే ఓలి, విడిపోయిన స్త్రీ మళ్లీ పెళ్లి చేసుకోవడం వంటివి ఆనాటి దొరలకీ మన పెద్దకులాల సంస్కర్తలకీ నీతి లేకపోవడంగా కనిపించాయి. అదే కాలంలో అగ్రవర్ణాల బాలవితంతువులకు రెండో పెళ్లి చేయడానికి వీరేశలింగంగారు ఎంత పోరాడవలసివచ్చిందో గుర్తు చేసుకుంటే ఇందులోని వైపరీత్యం తెలుస్తుంది.

సెటిల్‌మెంటు అంటే పని కూడా. భూమి బాగుచేయడం, చాపలు నేయడంతోపాటు చీరాలలోని ఐ.ఎల్.టి.డి. పొగాకు కంపెనీకి స్టూవర్టుపురం నుంచి కూలీలను పంపేవాళ్లు. ఆడవాళ్లు, పిల్లలు పొగాకు పనికి పోయారు. హాజరు చెప్పి, పాసు తీసుకుని పోయే కూలీ తనకిచ్చే జీతం గురించి ఎంతవరకు బేరమాడగలుగుతుంది? సంస్కరణ అన్న మాట కింద ఒక పెద్ద కంపెనీకి కదలలేని శ్రామికులు దొరికారు.

1921

ఈ ప్రాంతపు చరిత్రలో 1921 గొప్ప సంవత్సరం. మునిసిపాలిటీ వద్దన్న చీరాల, పేరాల ప్రజలు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో ఊళ్లు ఖాళీచేసి రామనగరం కట్టుకుని నెలల తరబడి పాకల్లో కాపురాలు చేశారు. చిన్నప్పుడు నేను చదివిన పాఠాల్లో అది ఉంది, ఇప్పటి పిల్లలకూ ఉంది. ఉండాల్సిందే. ఆ పాకలకు కాసింత దూరంలోనే, ఊరు దాటితే శిక్షపడే మనుషులు అదే ఏడాది హాజరు చెబుతున్నారన్న సంగతి మాత్రం ఏ పాఠంలోనూ లేదు. ఊరు విడిచి వెళ్లడం ఒకరికి సత్యాగ్రహం, పక్క ఊరివాళ్లకు నేరం.

అదే 1921లో మద్రాసు శాసనమండలి స్త్రీలకు ఓటు హక్కు ఇస్తూ తీర్మానించింది. దేశంలో అలా చేసిన మొదటి రాష్ట్ర శాసనమండలి మనదే. మన ఉద్యమ చరిత్రల్లో ఈ తేదీని గర్వంగా రాసుకుంటాం. పురుషుడికి ఏ ఆస్తి, ఏ పన్ను అర్హతగా ఉందో అదే స్త్రీకీ అర్హత అయింది. అంటే భూమి ఉన్న ఇంటి స్త్రీకి, పన్ను కట్టే స్త్రీకి. 1935 చట్టం చదువు, భర్త అర్హత లాంటివి కలిపి ఇంకొంతమందిని లోపలికి తీసుకుంది. సెటిల్‌మెంటు మట్టి తవ్వి, ఆ భూమి మీద ఏ హక్కూ లేని స్త్రీకి ఆ తలుపు 1921లోనూ తెరుచుకోలేదు, 1935లోనూ తెరుచుకోలేదు. స్త్రీల ఓటు చరిత్ర ఒక్కటి కాదు, కనీసం రెండు.

ఆ రెండో చరిత్ర 1947 తర్వాత మొదలైంది. మద్రాసు రాష్ట్రం నేరస్థ తెగల చట్టాన్ని ముందే, 1947లోనే రద్దు చేసింది. దేశమంతటా రద్దయింది 1952 ఆగస్టు 31న. అయితే మద్రాసులో మరుసటి ఏడాదే అలవాటు నేరస్థుల చట్టం వచ్చింది. పేరు మారింది, పోలీసు చూపు మారలేదు. మన రాష్ట్రానికి 1962లో తనదైన అలవాటు నేరస్థుల చట్టం ఉంది. ఇంతలో 1951 అక్టోబరు నుంచి 1952 ఫిబ్రవరి దాకా మొదటి సార్వత్రిక ఎన్నికలు జరిగాయి. ఆస్తీ చదువూ అడగని ఓటు మొదటిసారి వచ్చింది.

ఆ ఎన్నికల ఓటర్ల జాబితాల్లో దేశం మొత్తం మీద సుమారు 28 లక్షల మంది స్త్రీల పేర్లు తీసేయవలసివచ్చింది. ఎక్కువమంది ఉత్తరాది స్త్రీలు. ఫలానావాడి భార్యను, ఫలానావాడి కూతురిని అన్నారే తప్ప సొంత పేరు చెప్పలేదు. ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ పేరు లేనిదే ఓటు లేదని పట్టుబట్టారు. రాజ్యం స్త్రీని ఆమె సొంత పేరుతో అడిగిన సందర్భాల్లో అది పెద్దది. కాపలా కాయడానికి మనుషుల పేర్లు రాసుకున్న ఊళ్లో, ఓటు వేయించడానికి పేర్లు రాసుకునే పుస్తకం మొదటిసారి వచ్చిందప్పుడే.

వేలిముద్ర

2004 లోక్‌సభ ఎన్నికలకు నాకు పోలింగ్ డ్యూటీ పడింది. తెనాలిలో పాఠాలు చెప్పుకునేదాన్ని. బాపట్ల నియోజకవర్గంలో, స్టూవర్టుపురంవాళ్ల ఓట్లున్న ఒక కేంద్రానికి రెండో పోలింగ్ అధికారిగా వేశారు. దేశమంతా ఓటింగ్ యంత్రాలతో జరిగిన మొదటి సార్వత్రిక ఎన్నిక అది. నా పని రెండు ముక్కల్లో ఉంటుంది. ఓటరు ఎడమచేతి చూపుడువేలికి సిరా పెట్టడం, రిజిస్టరులో సంతకం చేయించడం. సంతకం రానివాళ్ల చేత వేలిముద్ర వేయించాలి.

మధ్యాహ్నం ఒక వృద్ధురాలు వచ్చింది. సెటిల్‌మెంటు రోజులు చూసిన వయసు. ఆమె బొటనవేలు పట్టుకుని ప్యాడ్ మీద అద్ది రిజిస్టరులో నొక్కించాను. చీర కొంగుతో వేలు తుడుచుకుంటూ, ఈ ముద్ర ఎక్కడికి పోతుంది పంతులమ్మా అని అడిగింది. దీన్ని సీలువేసి పై అధికారికి అప్పజెబుతాం పెద్దమ్మా, నువ్వు ఎవరికి వేశావో ఇందులో ఉండదు అని చెప్పాను. పోలీసులకా అని మళ్లీ అడిగింది. కాదన్నాను. అప్పుడు గాని యంత్రం వైపు నడవలేదు. వరుసలో ఉన్న చిన్నపిల్లలు నవ్వారు. వాళ్లకు అది ముసలమ్మ చాదస్తం. వేలిముద్ర అంటే బ్యాంకులో డబ్బు తీసుకోవడానికో రేషన్ షాపులో బియ్యానికో వేసేదనుకునే కాలంలోకి మనం వచ్చాం. ఆమెకు మాత్రం ముద్ర వేయడమంటే ఏమిటో తెలుసు, ఏ పుస్తకమో కనుక్కోకుండా వేలు ఇవ్వకూడదని కూడా తెలుసు.

తెనాలి నుంచి చీరాల వైపు పోయే రైల్లో స్టూవర్టుపురం స్టేషను వస్తుంటే కిటికీలు మూయడం, నగలు కొంగులో దాచుకోవడం నేను ఎన్నోసార్లు చూశాను. 1991లో ఊరి పేరుతోనే సినిమా వచ్చింది, 2023లో ఆ ఊరి దొంగ పేరుతో ఇంకొకటి వచ్చింది. ఆ ఊరి మగవాళ్లు ఇద్దరు ముగ్గురి పేర్లు రాష్ట్రమంతా చెబుతుంది. ఒక్క స్త్రీ పేరు ఎవరూ చెప్పలేరు. ఆ ఊరి సంస్కరణ కోసం పనిచేసిన స్త్రీ పేరు మాత్రం మనకు తెలుసు, హేమలతా లవణం. గుర్రం జాషువా కూతురు, గోరా కోడలు. 1970లలో భర్త లవణంతో కలిసి స్టూవర్టుపురం వచ్చి, పోలీసుకు భయపడే కుటుంబాల మధ్య కూర్చుని పనిచేశారు. తర్వాత నిజామాబాదు జిల్లాలో జోగినీ దురాచారం మీద పనిచేశారు. 2008లో కన్నుమూశారు. అంటరానితనం ఏమిటో పుట్టుకతో తెలిసిన స్త్రీ, దొంగతనం అంటగట్టిన ఊరికి రావడం యాదృచ్ఛికం కాదని నా నమ్మకం. దళిత స్త్రీకీ ఎరుకల స్త్రీకీ పోటీ పెట్టాలని చూసేవాళ్లకు ఆమె జీవితం సమాధానం.

సీటు ఆకారం

ఈ ప్రాంతం స్త్రీలను లోక్‌సభకు పంపని ప్రాంతం కాదు. అప్పట్లో ఉన్న తెనాలి స్థానం నుంచి 1996లో అదే ఊరి ఆడబిడ్డ, నటి శారద గెలిచారు. బాపట్ల నుంచి 2004లో దగ్గుబాటి పురందేశ్వరి, 2009లో పనబాక లక్ష్మి గెలిచారు. ఇద్దరూ కేంద్రంలో సహాయమంత్రులయ్యారు. తెనాలి స్థానం 2009 నాటి పునర్విభజనతో లేకుండాపోయింది. ఆ పునర్విభజనే బాపట్లను ఎస్సీ స్థానం చేసింది. ఆ మార్పుతోనే పురందేశ్వరిగారు విశాఖకు వెళ్లారు. నెల్లూరు జనరల్ కావడంతో పనబాక లక్ష్మిగారు బాపట్లకు వచ్చారు. గీత మారితే ఎవరు ఎక్కడ నిలబడగలరో మారుతుందన్నది పార్టీలకు బాగా తెలుసు. ఉన్నచోటు వదిలి ఇంకోచోట నిలబడటానికి వాళ్లకు పార్టీ ఉంది, పేరు ఉంది.

స్టూవర్టుపురం స్త్రీకి చట్టం పూర్తిగా తలుపు మూసిందనలేం. బాపట్ల శాసనసభ స్థానం జనరల్, అక్కడ నిలబడవచ్చు. లోక్‌సభకు గుంటూరులోనో ఒంగోలులోనో జనరల్ సీటుకు నిలబడవచ్చు. ఎస్టీ అభ్యర్థి కనుక డిపాజిట్టు సగమే, 12,500 రూపాయలు. ఎన్నికల సంఘం పెద్ద రాష్ట్రాల్లో ఒక లోక్‌సభ అభ్యర్థి ఖర్చుకు పెట్టిన పరిమితి 95 లక్షలు. ఈ రెండు అంకెల మధ్య దూరం ఎవరు దాటగలరో చెప్పనక్కర్లేదు. పోతే ఎస్టీ సీటు ఉంది. రాష్ట్రంలోని 25 లోక్‌సభ స్థానాల్లో ఎస్టీలకు ఒక్కటే, అరకు. అరకు నుంచి వరుసగా మూడుసార్లు స్త్రీలే గెలిచారు: 2014లో కొత్తపల్లి గీత, 2019లో గొడ్డేటి మాధవి, 2024లో గుమ్మ తనూజారాణి. అరకు గురించి ఇది మనం తగినంతగా మాట్లాడుకోని విషయం. ఎరుకల స్త్రీ అక్కడికి వెళ్లి నామినేషన్ వేయడానికి కూడా చట్టం ఒప్పుకుంటుంది. సముద్రపు ఒడ్డున ఉండే మనిషి తూర్పు కనుమల కొండల మీద ఎవరి ఓటు, ఏ మొహంతో అడగాలి? ఆ సీటు అక్కడి ఆదివాసులది.

ఇలా ఎందుకు జరిగింది? ఎస్టీ సీటును ఆ తెగల నిష్పత్తి అన్నిటికన్నా ఎక్కువ ఉన్నచోట పెట్టాలని పునర్విభజన చట్టం చెబుతుంది. ఎస్సీ సీట్లను మాత్రం రాష్ట్రంలో వేర్వేరు చోట్లకు పంచమంటుంది. కొండల్లో ఒకచోట ఉన్న తెగలకు ఆ సూత్రం సరిపోయింది. మైదానంలో ఊరికి కొన్ని గడపలుగా చెదిరిన ఎరుకల, యానాదులకు సరిపోలేదు. 2001 జనగణనలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎరుకలవాళ్లు 4 లక్షల 37 వేలమంది, యానాదులు 4 లక్షల 62 వేలమంది. లెక్కలో లేనివాళ్లు కాదు, ఒకచోట లేనివాళ్లు. వాళ్లు ఒకచోట లేకపోవడానికి కారణం తిరుగుతూ బతికిన చరిత్ర. తిరుగుతున్నారని ఒకప్పుడు శిక్షించారు, చెదిరి ఉన్నారని ఇప్పుడు సీటు లేదు.

సీటు ఆకారం దైవనిర్ణయం కాదని చెప్పడానికి మన రాష్ట్రంలోనే ఉదాహరణ ఉంది. 1952, 1957 ఎన్నికల్లో ద్విసభ్య స్థానాలు ఉండేవి. ఒకే నియోజకవర్గం నుంచి ఇద్దరు ఎన్నికయ్యేవాళ్లు, ఒక సీటు రిజర్వు, ఒకటి అందరిదీ. 1957లో పార్వతీపురం నుంచి ఇద్దరూ ఆదివాసులే గెలిచారు. ఓడిపోయినవారు వి.వి. గిరి. జనరల్ సీటును గిరిజనుడు డిప్పల సూరిదొర గెలవడం చెల్లదని ఆయన కోర్టుకెళ్లారు. 1959లో సుప్రీంకోర్టు సూరిదొర గెలుపు చెల్లుతుందని చెప్పింది. 1961లో పార్లమెంటు ద్విసభ్య స్థానాలనే రద్దు చేసింది. నియోజకవర్గం పెద్దదైపోయిందని, ఖర్చు ఎక్కువని కారణాలు చెప్పారు. గిరిజనులు ఇద్దరూ గెలవడం పెద్దవాళ్లకు మింగుడుపడలేదన్నది కూడా ఆ రోజుల మాటే. ఆ పద్ధతే ఉండి ఉంటే, బాపట్లలో ఒక దళిత ప్రతినిధి తప్పకుండా ఉంటూనే, రెండో సీటుకు ఎరుకల స్త్రీ నామినేషన్ వేయగలిగేది.

మూడోవంతు అంటే

ఇప్పుడు 2023 సవరణకు వద్దాం. అందులో రాసిన ప్రకారం, ఆ చట్టం తర్వాత జరిగే మొదటి జనగణన లెక్కలతో పునర్విభజన అయ్యాకే మహిళల సీట్లు అమల్లోకి రావాలి. ఎస్సీ, ఎస్టీ సీట్లలో మూడోవంతు ఆ వర్గాల స్త్రీలకు. రాజ్యసభకు ఇది వర్తించదు. ప్రస్తుతమున్న 25 సీట్ల లెక్కనే చూస్తే ఎనిమిది దాకా స్త్రీలవి. ఎస్టీ సీటు ఒక్కటి. ఒక్కదాంట్లో మూడోవంతు ఎంత? బాపట్ల స్త్రీల సీటు అయిందనుకుందాం. అప్పుడు అది ఎస్సీ స్త్రీల సీటు. స్టూవర్టుపురం స్త్రీ అప్పుడూ బయటే. ఏ లెక్కన చూసినా మన గెలుపు ఆమె గడప దాకా రాదు.

పంచాయతీల్లో కొంత వచ్చింది. 73వ సవరణ తర్వాత ఎస్టీ స్త్రీలకు వార్డులు, సర్పంచి పదవులు దక్కాయి. యూనిట్ చిన్నదైనప్పుడు చెదిరిన మనుషులు కూడా కనపడతారు. పార్లమెంటు సీటుకొచ్చేసరికి వాళ్లు కనపడకుండా పోతారు. సంచార, విముక్త జాతుల కోసం వేసిన రెంకే కమిషన్ 2008లో, ఇదాతే కమిషన్ 2018లో నివేదికలిచ్చాయి. మహిళా బిల్లు మీద మనం జరిపిన చర్చల్లో ఆ రెండు నివేదికల ఊసు నేను వినలేదు.

పునర్విభజన జరిగే తీరు మనం తెలుసుకోవాలి. 2002 చట్టం కింద వేసిన కమిషన్‌కు ప్రతి పెద్ద రాష్ట్రం నుంచి ఐదుగురు ఎంపీలు, ఐదుగురు ఎమ్మెల్యేలు సహసభ్యులు. ముసాయిదా ప్రకటించాలి, అభ్యంతరాలు తీసుకోవాలి, బహిరంగ విచారణలు పెట్టాలి. అలాంటి విచారణకు పార్టీలవాళ్లు మ్యాపులు చంకన పెట్టుకుని వెళతారు. స్త్రీల సంఘాలు వెళ్లాలి. ఎస్టీ సీట్ల సూత్రం మైదానపు తెగలకు ఎలా వర్తించాలో అడగాలి. ద్విసభ్య స్థానాలను మళ్లీ పరిశీలించమని అడగాలి. చట్టం మారేదాకా ఆగకుండా, జనరల్ మహిళా సీట్లలో సంచార, విముక్త జాతుల స్త్రీలకు టిక్కెట్టు ఇవ్వమని ప్రతి పార్టీనీ పేరుపెట్టి అడగాలి. ఆ పత్రాలు మనం రాసిపెట్టి వాళ్ల చేత సంతకాలు చేయించడం కాదు. స్టూవర్టుపురంలో ఇప్పుడు డిగ్రీలు చదివిన ఆడపిల్లలున్నారు. ఏ పుస్తకంలో తమ పేరు ఎందుకు రాస్తున్నారో అడిగే అలవాటు వాళ్ల అమ్మమ్మలకే ఉంది. విచారణ రోజున కమిషన్ ఎదుట వాళ్లు కూర్చోవాలి, మనం వాళ్ల పక్కన కూర్చోవాలి.